పొద్దున్న కుంటుతూ, సాయంత్రం పరుగెత్తే పిల్లలు: వాపు కీలులోనా, టెండన్‌లోనా?

తుని నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చేశాను.

ఈ ఎపిసోడ్ టెక్ వీడియో కాదు, హెల్త్ వీడియో అనుకుంటారేమో. రెండూ అండి. చివర్లో మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే అసలు పని ఉంది. కాబట్టి స్కిప్ చెయ్యకుండా వినండి.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. కాకినాడలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. కాబట్టి ఏ మందు వాడాలి, ఎంత వాడాలి అనేది నేను చెప్పను. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మనం ఏం గమనించాలి, వెళ్లాక ఏం అడగాలి, ఆ మెషీన్లు లోపల ఏం చూస్తాయి, ఇవే చెప్తాను.

ఇప్పుడు ప్రశ్న. పిల్లలకి కీళ్లవాతం వస్తుందా?

మన వీధిలో ఎవరిని అడిగినా "అది ముసలివాళ్ల జబ్బు కదా" అంటారు. వస్తుందండి. ఏడాది పిల్లకి కూడా వస్తుంది. 1897లోనే లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టర్ 22 మంది పిల్లల్ని చూసి, ఇది పెద్దవాళ్ల జబ్బు లాంటిది కాదు, వేరే అని రాశాడు. ఇప్పుడు దీన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటున్నారు. పొట్టిగా జేఐఏ. 16 ఏళ్లు నిండకముందు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం ఏదీ దొరక్కపోతే ఆ పేరు పెడతారు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. వెయ్యి మంది అంటే ఎంత? ఒక పెద్ద స్కూల్. అంటే అంత అరుదేం కాదు.

ఇదంతా కీళ్ల గురించి. ఈరోజు మన సబ్జెక్ట్ ఇంకొంచెం లోపలికి వెళ్తుంది. కీలు పక్కనే ఉండి, ఎవరూ పట్టించుకోని టెండన్.

నరం కాదు, టెండన్

మనం మాట్లాడేటప్పుడు ఒక తిరకాసు ఉంది. మడమ వెనక తాడులా తగిలేదాన్ని మనం ఏమంటాం? నరం. "నరం పట్టేసింది", "నరం మీద నరం ఎక్కింది" అంటాం. నిజానికి అది నరం కాదు. నరం అంటే కరెంటు వైరు లాంటిది, కబుర్లు మోస్తుంది. టెండన్ అంటే తాడు. కండని ఎముకకి కట్టే తాడు. కండ లాగితే, ఈ తాడు ద్వారా ఎముక కదులుతుంది. పుస్తకాల్లో స్నాయుబంధనం అంటారు. మనం టెండన్ అనే అనుకుందాం.

దీనికి వాపు రెండు చోట్ల వస్తుంది. ఈ రెండూ విడివిడిగా అర్థమైతే, మిగతా వీడియో అంతా ఈజీ.

మొదటిది, తొడుగులో వాపు. సైకిల్ బ్రేక్ వైరు చూశారు కదా? లోపల స్టీలు తీగ, పైన నల్లటి తొడుగు. మణికట్టు, చీలమండ, వేళ్ల దగ్గర మన టెండన్లకి కూడా అలాంటి తొడుగు ఉంటుంది. లోపల కొంచెం జిగురు నీరు, గ్రీజులాగా. కీలు లోపలి పొరకి వచ్చే వాపే ఈ తొడుగు పొరకీ వస్తుంది. అప్పుడు నీరు ఎక్కువైపోతుంది, పొర మందమవుతుంది, బ్రేక్ వైరు జామైనట్టు టెండన్ ఫ్రీగా జారదు. దీన్ని టెనోసైనోవైటిస్ అంటారు.

రెండోది, ముడి దగ్గర వాపు. గేదెని కట్టిన పలుపు ఎక్కడ ఎక్కువ అరుగుతుంది? గుంజకి కట్టిన చోట. అలాగే టెండన్ ఎముకకి అతుక్కునే చోటు ఉంటుంది. మడమ వెనక, అరికాలి మొదట్లో, మోకాలిచిప్ప పైనా కిందా. అక్కడ వాపు వస్తే ఎంథెసైటిస్ అంటారు. జేఐఏలో ఒక రకం పేరే దీని మీద పెట్టారు. ఎక్కువగా ఆరేళ్లు దాటిన మగపిల్లల్లో వస్తుంది. చాలామందిలో హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యు గుర్తు ఉంటుంది. మన దేశంలో పెద్ద ఆసుపత్రులకి వచ్చే జేఐఏ పిల్లల్లో ఈ రకం బాగా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఇది మన పిల్లల సబ్జెక్ట్.

ఎందుకు దొరకదు?

మా బంధువుల్లో ఒక పాప ఉంది. ఏడేళ్లు. పేరు చెప్పను, వాళ్లమ్మ పర్మిషన్ తీసుకునే ఈ ముక్క చెప్తున్నాను. నాకు వదిన అవుతుంది. ఒకరోజు ఫోన్ చేసి అంది: "పొద్దున్నే మంచం దిగి బాతులా నడుస్తాదిరా. పదింటికల్లా మామూలైపోద్ది. సాయంత్రం చూస్తే వీధిలో పరుగులు. ఎవరికి చెప్పినా నమ్మట్లేదు."

ఎక్స్‌రే తీయించారు, నార్మల్. రక్త పరీక్షలు చేయించారు, దాదాపు నార్మల్. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్. ఒకచోటైతే "స్కూల్ ఎగ్గొట్టడానికి వేషాలమ్మా, నాలుగు తగిలించండి" అన్నారు. చీలమండ లోపలి వైపు చిన్న ఉబ్బు ఉంది, కానీ పాప కొంచెం బొద్దుగా ఉంటుంది కదా, "కొవ్వు" అనేశారు. అలా ఐదు నెలలు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాంటి బగ్ బాగా తెలుసు. కస్టమర్ దగ్గర పొద్దున్న ఆరింటికే వస్తుంది. మనం పదకొండింటికి లాగిన్ అయి చూస్తే అన్నీ పచ్చ లైట్లే. అప్పుడు "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని టికెట్ మూసేస్తాం. పాప విషయంలో జరిగింది అదే. వాపు వల్ల వచ్చే బిగుతు రాత్రంతా కదలకుండా పడుకున్నాక ఎక్కువ ఉంటుంది. కదిలే కొద్దీ తగ్గుతుంది. మనకి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు? మధ్యాహ్నం. లేదా బస్సు దిగి గంట క్యూలో నిలబడ్డాక. అప్పటికి పాప చెంగుచెంగున నడుస్తుంది.

పరీక్షలు ఎందుకు పట్టుకోలేదో కూడా చూద్దాం.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. టెండన్ తొడుగులో వాపు కనపడదు. జబ్బు ముదిరి ఎముక దెబ్బతిన్నాక అక్కడ కనిపిస్తుంది. అంటే ఎక్స్‌రే నార్మల్ అంటే "ఎముక బాగుంది" అని. "అంతా బాగుంది" అని కాదు.

ఆర్ఏ ఫ్యాక్టర్ జేఐఏ ఉన్న పిల్లల్లో చాలామందికి నెగటివ్‌గానే ఉంటుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా, ఒకటి రెండు చోట్ల మాత్రమే వాపు ఉంటే, నార్మల్ రావచ్చు.

ఇంకొకటి మన దగ్గర బాగా జరిగేది. ఏఎస్ఓ టెస్ట్. అది పాజిటివ్ రాగానే "రుమాటిక్ జ్వరం" అని నెలల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలైపోతాయి. ఏఎస్ఓ ఎక్కువ ఉంది అంటే ఈమధ్య స్ట్రెప్ అనే బ్యాక్టీరియా సోకిందని మాత్రమే అర్థం. గొంతునొప్పి వచ్చిపోయిన పిల్లలందరికీ పెరగొచ్చు. రుమాటిక్ జ్వరం నిజంగా ఉన్న పిల్లలకి ఆ ఇంజెక్షన్లు గుండెని కాపాడతాయి, వాటిని సొంతంగా ఆపకూడదు. కానీ ఆ జ్వరంలో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి తిరుగుతుంది, వారాల్లో తగ్గుతుంది. అదే చీలమండ నెలల తరబడి వాచి ఉంటే, "డాక్టర్ గారూ, ఇది అదేనా?" అని మళ్లీ అడగాలి.

చేత్తో చూడటం, మెషీన్‌తో చూడటం

డాక్టర్ ముందు చేత్తోనే చూస్తారు. ఇంగ్లండ్‌లో పిల్లల కోసం ఒక చిన్న పరీక్ష తయారు చేశారు, పీగాల్స్ అని. 2006లో బయటికొచ్చింది. నడక, చేతులు, కాళ్లు, వెన్ను, ఇవన్నీ రెండు నిమిషాల్లో చూసేయొచ్చు. స్పెషలిస్ట్ కాని డాక్టర్లు కూడా చెయ్యడానికే దాన్ని పెట్టారు. మునివేళ్ల మీద నడువు, మడమల మీద నడువు, పిడికిలి బిగించు, చేతులు పైకెత్తు, ఇలా ఆటలాగే ఉంటుంది. అందులో ఒకటి అచ్చం మన నమస్కారమే! రెండు అరచేతులు కలిపి మోచేతులు పైకెత్తితే, మణికట్టు పూర్తిగా వంగుతుందో లేదో ఇట్టే తెలుస్తుంది.

కానీ చేతికి ఒక లిమిట్ ఉంది. చీలమండే తీసుకోండి. అరచేయంత జాగాలో బోలెడు చిన్న కీళ్లు, వాటి చుట్టూ టెండన్లు. పైనుంచి నొక్కితే "ఇక్కడెక్కడో వాచింది" అని తెలుస్తుంది. ఏది వాచిందో కచ్చితంగా చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టం. 2009లో ఉత్తర ఐర్లండ్ డాక్టర్లు జేఐఏ పిల్లల వాచిన చీలమండల్ని అల్ట్రాసౌండ్‌తో చూశారు. సగానికి పైగా వాటిలో టెండన్ తొడుగులు వాచి ఉన్నాయి. కొన్నిటిలో అసలు చీలమండ కీలు బాగానే ఉంది, వాపంతా తొడుగులోనే!

ఇది ఎందుకు ముఖ్యం? ఒక్కోసారి వాచిన చోటికే స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. వాపు తొడుగులో ఉండి, మందు కీలులోకి వెళ్తే? అడ్రస్ తప్పిన పార్సిల్ అన్నమాట. పిల్ల సూది నొప్పి భరించాలి, లాభం మాత్రం సరిగ్గా ఉండదు. అందుకే చాలా చోట్ల అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే సూది వేస్తారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన పార్ట్. ఈ మెషీన్ ఎలా పనిచేస్తుంది?

మన చెవికి వినిపించేది సెకనుకి 20 వేల కంపనాల వరకు. టెండన్ చూసే అల్ట్రాసౌండ్ ప్రోబ్ పంపే శబ్దం సెకనుకి కోటి కంపనాలు, ఆపైన. ఆ శబ్దం శరీరంలో సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో వెళ్తుంది. పొర మారిన ప్రతిచోటా కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వెనక్కొచ్చిందో లెక్కేసి, ఎంత లోతులో ఏముందో బొమ్మ గీస్తుంది. బావిలో రాయి వేసి చప్పుడు ఎప్పుడొచ్చిందో వినడం లాంటిది, కాకపోతే సెకనుకి వేలసార్లు.

స్క్రీన్ మీద బాగున్న టెండన్ తెల్లటి సన్న గీతల కట్టలా ఉంటుంది. కొబ్బరి ఈనెల చీపురు కట్టినట్టు. నీరు నల్లగా కనిపిస్తుంది. కాబట్టి తెల్ల కట్ట చుట్టూ నల్ల రింగు కనిపిస్తే, తొడుగులో నీరు చేరిందని అర్థం. తర్వాత డాప్లర్ ఆన్ చేస్తారు. అది కదిలే రక్తాన్ని రంగు చుక్కలుగా చూపిస్తుంది. వాచిన చోటికి రక్తం ఎక్కువ వస్తుంది కదా? రంగు చుక్కలు మెరిస్తే, వాపు ఇప్పుడు యాక్టివ్‌గా ఉందని గట్టి సూచన.

అయితే ఏ సెన్సర్ అయినా అబద్ధం చెప్తుంది, ఎప్పుడు చెప్తుందో తెలియాలంతే. టెండన్‌కి ప్రోబ్ నిటారుగా పట్టుకోకుండా కొంచెం వాల్చితే, బాగున్న టెండన్ కూడా నల్లగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు దాన్ని జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. రెండోది, పిల్లలు పెరుగుతున్నారు. వాళ్ల ఎముకల చివర్లు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. అది కూడా నల్లగానే కనిపిస్తుంది, అందులో రక్తనాళాలు మామూలుగానే ఉంటాయి. అంటే బాగున్న పిల్లలో కూడా రంగు చుక్కలు కనిపించొచ్చు. అందుకే పిల్లల స్కాన్‌ని పెద్దవాళ్ల రూల్స్‌తో చదవకూడదు. రెండు కాళ్లూ పోల్చి చూడాలి. పిల్లల స్కాన్లు అలవాటున్నవాళ్లు చూస్తే ఇంకా మంచిది.

నొప్పి విషయంలో కూడా అంతే. నొక్కితే నొప్పి పుట్టిన ప్రతి చోటా వాపు ఉండాలని లేదు. వాపు ఉన్న ప్రతి చోటా నొప్పి ఉండాలనీ లేదు. అందుకే చెయ్యి, మెషీన్, ఇంట్లో గమనించింది, మూడూ కలిపి చూడాలి.

మరి ఎమ్మారై? ఎముక లోపలి వాపు, నడుము కింది కీళ్లలో వాపు చూడాలంటే అదే బెస్ట్. కానీ ఖర్చు ఎక్కువ, చిన్నపిల్ల అరగంట పైన కదలకుండా పడుకోవాలి. కొందరికి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అల్ట్రాసౌండ్‌కి అవేం అక్కర్లేదు. రేడియేషన్ లేదు, అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని, చేతిలో ఫోన్ ఇచ్చి కూడా చేయించొచ్చు. "కాలు కదుపమ్మా" అంటే టెండన్ జారడం లైవ్‌లో కనిపిస్తుంది.

మా పాపకి చివరికి దొరికింది కూడా ఇందులోనే. చీలమండ లోపలి వైపు టెండన్ చుట్టూ నల్ల రింగు, దానిలో రంగు చుక్కలు. రిపోర్ట్ చేతికొచ్చాక వదిన అన్న మాట ఒక్కటే. "అబద్ధం కాదు కదరా అది చెప్పింది." ఐదు నెలలు ఆ పిల్ల నిజమే చెప్తోంది ఫ్రెండ్స్.

మీ ఫోన్‌తో చెయ్యాల్సిన పని

ఇప్పుడు అసలు పార్ట్. మీరు అన్నయ్యో, అక్కో, బాబాయో, పిన్నో అయి ఉంటారు. ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే. మీ వల్ల అయ్యే పని ఇది.

పిల్ల పొద్దున్న లేవగానే, స్నానానికి ముందే వీడియో తియ్యండి. వేడినీళ్లు పోస్తే బిగుతు తగ్గిపోతుంది, సాక్ష్యం పోయినట్టే. చెప్పులు లేకుండా, మోకాళ్లు కనిపించేలా, ఫోన్‌ని పిల్ల మోకాలి ఎత్తులో అడ్డంగా పట్టుకోండి. పది అడుగులు మీ నుంచి దూరంగా, పది అడుగులు మీ వైపు. తర్వాత మునివేళ్ల మీద నాలుగడుగులు, మడమల మీద నాలుగడుగులు. నొప్పి అంటే ఆపేయండి, బలవంతం వద్దు. చేతులు: పిడికిలి బిగించమనండి, గోళ్లన్నీ అరచేతిలోకి దాక్కుంటున్నాయా చూడండి. నమస్కారం పెట్టమనండి. తర్వాత చేతుల వెనక వైపులు రెండూ ఆనించమనండి. మొత్తం ఒక నిమిషం.

ఇంకో రెండు ఫోటోలు. పిల్లని నిలబెట్టి వెనక నుంచి రెండు మడమలూ ఒకే ఫ్రేములో, మంచి వెలుతురులో. అలాగే రెండు చేతులూ టేబుల్ మీద బోర్లించి. ఒక వేలు మొత్తం లావుగా ఉందా, మడమ వెనక ఒక వైపు గాడి పూడిపోయిందా, పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది.

అదే రోజు సాయంత్రం మళ్లీ అదే వీడియో. తేడా కనిపిస్తే అదే డాక్టర్‌కి చూపించాల్సింది. ఇలా వారంలో రెండు మూడు రోజులు తీసి, నోట్స్‌లో రాయండి: లేచాక బిగుతు ఎన్ని నిమిషాలుంది, ఏ వైపు, జ్వరం ఉందా, దెబ్బ తగిలిందా. సాఫ్ట్‌వేర్‌లో లాగ్ అంటాం. లాగ్ ఉంటే వాదన ఉండదు.

ఒక్క రిక్వెస్ట్. ఆ వీడియో స్టేటస్‌లో పెట్టకండి, ఫ్యామిలీ గ్రూపులో తిప్పకండి. అది పిల్ల మెడికల్ రికార్డు. రేపు స్కూల్లో "కుంటిది" అని ఏడిపించడానికి మన ఫోనే కారణం కాకూడదు.

డాక్టర్ దగ్గర ఇలా అడగండి: "ఆరు వారాలు దాటిందండి, పొద్దున్న బిగుతు ఇంతసేపు ఉంటోంది, వీడియో ఇదిగో. వాపు కీలులో ఉందా, టెండన్‌లో ఉందా? రెండు కాళ్లకీ, టెండన్లతో కలిపి, డాప్లర్‌తో అల్ట్రాసౌండ్ చేయిస్తారా?" మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. స్కాన్ చీటీ మీద "టెండన్లు" అనే మాట లేకపోతే, చాలాసార్లు కీలు మాత్రమే చూసి వదిలేస్తారు.

ఎక్కడికి వెళ్లాలి? మనకి ముందు పిల్లల డాక్టర్. తునిలో ఏరియా ఆసుపత్రి ఉంది. అక్కడి నుంచి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, లేదా రైలెక్కితే విశాఖ. జేఐఏ అనే అనుమానం ఉంటే రుమటాలజిస్ట్‌కి రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగమే ఉంది. పథకం వర్తిస్తుందా అనేది ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే కనుక్కోండి.

కొన్ని విషయాల్లో మాత్రం వీడియోలు తీస్తూ కూర్చోకూడదు. జ్వరంతో పాటు ఒక కీలు వేడిగా, ఎర్రగా ఉండి పిల్ల కదపనివ్వకపోతే, అదే రోజు ఆసుపత్రికి. కీలులో చీము పట్టి ఉండొచ్చు. రాత్రి నిద్రలోంచి లేపేసేంత ఎముక నొప్పి, పాలిపోవడం, బరువు తగ్గడం ఉంటే, వెంటనే చూపించాలి. రక్త క్యాన్సర్ కూడా ఒక్కోసారి కీళ్లనొప్పిలాగే మొదలవుతుంది. అందుకే ఏమిటో తేలకముందే తెలిసినాయన దగ్గర స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేయించడం చాలా ప్రమాదం. రెండు రోజులు హాయిగా ఉంటుంది, అసలు జబ్బు దాక్కుంటుంది. వాచిన చోట నాటుకట్టు, గట్టి మర్దన కూడా వద్దు.

కామెంట్లలో వచ్చే ప్రశ్నలు

"బ్రో, ఎదుగుదల నొప్పులు కావా?" కావచ్చు. ఎదుగుదల నొప్పులు సాయంత్రం, రాత్రి వస్తాయి, రెండు కాళ్లకీ. పొద్దున్నకి పిల్ల మామూలుగా ఉంటుంది. వాపు ఉండదు, కుంటడం ఉండదు. మన పాప దానికి పూర్తిగా రివర్స్ కదా, తేడా అక్కడే.

"మావాడు క్రికెట్ ఆడతాడు, మడమ నొప్పి అంటాడు." ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆటలాడే పిల్లలకి మడమ ఎముక పెరిగే చోట ఒత్తిడి వల్ల నొప్పి వస్తుంది. అది ఆడితే పెరుగుతుంది, రెస్ట్ ఇస్తే తగ్గుతుంది. వాపు జబ్బు అయితే రెస్ట్ తర్వాత పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది.

"వాతం కదా, వంకాయ, గోంగూర మానేస్తే?" అవి తింటే ఈ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదండి. ఇది శరీరంలో కాపలా వ్యవస్థ పొరబడి సొంత పొరల మీదే దాడి చెయ్యడం. ఎదిగే పిల్లకి అన్నీ మానిపిస్తే బలహీనమవుతుంది, అంతే.

"మందులు జీవితాంతమా?" కొందరికి పూర్తిగా తగ్గిపోతుంది, కొందరికి కొన్నేళ్లు వాడాలి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది. ఇక్కడ మన గోదావరి వాళ్లు గర్వపడే సంగతి ఒకటి ఉంది. ఈ పిల్లలకి ఎక్కువగా వాడే మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. దాని పుట్టుక వెనక ఉన్నది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు, తర్వాత అమెరికా వెళ్లారు. లెడర్లీ కంపెనీలో ఆయన టీమ్ ఫోలిక్ ఆసిడ్ మీద, దానికి ఎదురుగా పనిచేసే మందుల మీద చేసిన పనిలోంచే ఇది వచ్చింది. ముందు రక్త క్యాన్సర్‌కి వాడారు. చాలా తక్కువ డోసులో పిల్లల కీళ్లవాతానికి కూడా పనిచేస్తుందని 1992లో వచ్చిన ట్రయల్ గట్టిగా చూపించింది. ఆయన 1948లోనే వెళ్లిపోయారు, ఇది చూడలేదు. ఒక్క జాగ్రత్త: ఈ జబ్బుకి ఆ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకి వస్తుంది. చీటీ మీద ఏ వారమో పెద్దక్షరాల్లో రాయించుకోండి, ఫోన్‌లో వారానికోసారి అలారం పెట్టుకోండి.

చివరిగా ఎవరూ అడగని ప్రశ్న, కళ్లు. జేఐఏ ఉన్న పిల్లల్లో కొందరికి కంటి లోపల వాపు వస్తుంది. చాలాసార్లు ఎరుపు ఉండదు, నొప్పి ఉండదు. పిల్ల చెప్పలేదు, మనకి కనపడదు. తెలిసేసరికి చూపు తగ్గి ఉంటుంది. అందుకే జేఐఏ అని చెప్పిన వెంటనే, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రతి గడువుకీ, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష తప్పనిసరి. విశాఖలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మనకి మరీ దూరమేం కాదు.

అంతేనండి. ఈ వీడియో మొత్తంలో ఒక్క ముక్క గుర్తుంచుకోమంటే ఇది: పొద్దున్న కుంటి, పదింటికి మామూలైపోయే పిల్ల నాటకం ఆడట్లేదు. ఎక్స్‌రే బాగుందని ఆగిపోకండి, టెండన్లు కూడా చూడమని అడగండి. రేపు పొద్దున్న మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి పిల్ల ఉంటే, మీ ఫోన్ తీయండి.

మీ స్కూల్ టీచర్లకి, పీఈటీ మాస్టార్లకి, అంగన్‌వాడీ అక్కలకి ఈ లింక్ పంపండి. లైక్ కొట్టకపోయినా పర్లేదు, ఇది మాత్రం షేర్ చెయ్యండి. డౌట్లుంటే కింద రాయండి, నాకు తెలిసినవి నేను చెప్తాను, డాక్టర్ చెప్పాల్సినవి డాక్టర్‌నే అడుగుదాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, ఆయ్!